అడవిలో దారి చూపడమూ కొలువే!

రెండేళ్ల కిందటి సంగతి. ఆఫీసు వాళ్లం ఏడుగురం కేరళలోని తేక్కడి వెళ్లాం. అక్కడి పెరియార్ టైగర్ రిజర్వ్‌లో గైడ్‌ని వెంటబెట్టుకుని వానల అడవిలో నడవచ్చు. మేం తీసుకున్న ట్రెక్‌కి టికెట్ చూపించగానే మోకాళ్ల దాకా వచ్చే గుడ్డ సాక్సులు చేతిలో పెట్టారు. ఎందుకని అడిగితే 'జలగలకి' అన్నారు. మాలో ఇద్దరు అక్కణ్నుంచే వెనక్కి తిరిగి కాఫీ తాగడానికి వెళ్లిపోయారు. మిగిలిన ఐదుగురం నడిచాం.

మొదటి అరగంటలో నాకు చెట్లు తప్ప ఏమీ కనబడలేదు. గైడ్‌కి మాత్రం అడుగడుగునా ఏదో ఒకటి కనబడుతోంది. ఒకచోట చెయ్యెత్తి మమ్మల్ని ఆపి, చెట్టు మాను మీద గీతలు చూపించారు. తేనె కోసం ఎలుగుబంటి ఎక్కిన గుర్తులట. ఇంకోచోట పైన ఆకులు కదిలితే 'గాలి కాదు, చూడండి' అన్నారు. చూస్తే కొమ్మ మీద పిల్లి అంత ఉడత! మలబార్ ఉడత అంటారట దాన్ని. అది మా తల మీదే ఉంది. ఆయన చెప్పకపోతే దాని కిందనుంచే వెళ్లిపోయేవాళ్లం.

తిరిగొచ్చేటప్పుడు మాటల్లో 'మీది ఏ ఊరు?' అని అడిగారు. 'అమలాపురం. గోదావరి సముద్రంలో కలిసే చోటు' అన్నాను. 'అయితే మీ దగ్గర మడ అడవి ఉంటుంది కదా. ఫిషింగ్ క్యాట్ ఉంటుందట. చూశారా?' అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. కాకినాడలో నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివాను. సెలవులకు ఇంటికొచ్చిన ప్రతిసారీ, తిరిగి వెళ్లిన ప్రతిసారీ బస్సు కోరంగి మీదుగానే పోయేది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా దిగలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోయేవాణ్ని. కేరళ కొండల్లో ఒకాయనకి తెలిసిన నా ఊరి పక్క అడవి నాకు తెలీదు!

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ కథంతా ఎందుకంటే, నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పక్కనే ఉన్న అడవిలోకి ఒక్కసారి గైడ్‌తో నడవండి. నడిచి వచ్చాక ఆ గైడ్ చేసే పనిని ఉద్యోగాల లెక్కలో వేయండి. ఈ రెండో ముక్క దగ్గరే చాలామంది నాతో గొడవపడతారని తెలుసు. ముందు మొదటిది చెబుతాను.

సొంతంగా వెళితే 20 నిమిషాలు

కిందటేడు మా కంపెనీలో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఒక్క మెయిల్, అరగంట మీటింగ్, లాప్‌టాప్ వాపసు... అంతే. నేను అమలాపురం వచ్చేశాను. పొద్దున లేస్తే జాబ్ పోర్టల్, రాత్రి పడుకునే ముందు మళ్లీ జాబ్ పోర్టల్. మా అమ్మ ఏమీ అడిగేది కాదు. అడగకపోవడమే ఎక్కువ కష్టంగా ఉండేది. ఆ రోజుల్లో ఒక ఉదయం బండి తీసి కోరంగి వెళ్లాను. ముమ్మిడివరం, మురమళ్ల, ఎదుర్లంక వారధి, యానాం, తాళ్లరేవు దాటితే కోరంగి. రెండు గంటలు కూడా పట్టదు.

కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఒకటి. పశ్చిమ కనుమల్లో ఉండే వర్షారణ్యం లాంటిది కాదిది. ఉష్ణమండల తీరంలో, నది ఉప్పునీటిని కలుసుకునే బురదలో పెరిగే అడవి. రోజుకి రెండుసార్లు పోటు వచ్చి వేర్లు ముంచుతుంది, రెండుసార్లు నీరు తీస్తుంది. మన కోనసీమ వైపు కాట్రేనికోన మండలం బలుసుతిప్ప దగ్గర కూడా ఇలాంటి మడ ఉంది.

ఇవన్నీ అప్పుడు నాకేం తెలుసు? టికెట్ తీసుకుని, చెక్క వంతెన మీద చివరిదాకా నడిచి, నాలుగు ఫొటోలు తీసి 20 నిమిషాల్లో బయటికొచ్చేశాను. అన్నీ ఒకేలాంటి చెట్లు, కింద బురద. 'ఇంతేనా?' అనిపించింది. వంతెన మీద నాతోపాటు నడిచిన కాలేజీ కుర్రాళ్లు కూడా అదే మాట అనుకుంటూ పోయారు. చాలామంది ఇలాగే చూసి వచ్చేస్తారు, ఇలాగే 'అక్కడేముంది' అని చెబుతారు.

గైడ్‌తో వెళితే మూడు గంటలు

రెండోసారి మా ఫ్రెండ్ ఒకడు వాళ్లకి తెలిసిన పెద్దాయన్ని మాట్లాడిపెట్టాడు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న మత్స్యకారుల పల్లె ఆయనది. అరవై దాటి ఉంటాయి. చదువు ఐదో తరగతి. వచ్చినవాళ్లని తనే తిప్పి చూపిస్తుంటారు. నేను 'బాబాయ్' అన్నాను. ఆయన నన్ను చివరిదాకా 'బాబూ' అనే అన్నారు.

మొదట నా ఫోన్ జేబులో పెట్టించారు. 'అటు చూస్తే కాలు ఎక్కడ వేస్తావు బాబూ' అని. తర్వాత చెట్లు ఒక్కొక్కటే పరిచయం చేశారు. నేను ఒకేలా ఉన్నాయనుకున్న చెట్లలో తెల్లమడ వేరు, నల్లమడ వేరు, పొన్న వేరు, తిల్ల వేరు. తెల్లమడ ఆకు తెంపి నాలుకకి తాకించమన్నారు. ఉప్పగా ఉంది! చెట్టు తాగిన ఉప్పుని ఆకు మీదనుంచి బయటికి పంపేస్తుంది. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచినవి మొక్కలు కావు, మడ చెట్టు ఊపిరి తీసుకునే వేర్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి వేర్లే పైకి వచ్చి పీల్చుకుంటాయి. పొన్న చెట్టు గింజ కొమ్మ మీద ఉండగానే మొలకెత్తుతుంది. పొడుగాటి మొలక కిందికి వేలాడుతూ ఉంటుంది. అదను రాగానే రాలి బురదలో గుచ్చుకుంటుంది, లేదంటే నీటి మీద తేలుతూ ఇంకోచోటికి పోతుంది. తిల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'చెయ్యి పెట్టకు' అన్నారు. దాని పాలు కంట్లో పడితే కళ్లు పోయేంత పని అవుతుంది.

బురద మీద చేపలు గెంతుతున్నాయి. మడ్ స్కిప్పర్లు. కాసేపు నీళ్లు లేకున్నా బతుకుతాయి. ఒక డెక్క చిన్నగా, ఇంకోటి ఒంటికంటే పెద్దదా అన్నట్టు ఉన్న పీతలు గుంపులుగా డెక్క ఊపుతున్నాయి. అలా ఊపేవి మగవట. నీటికుక్కలు వదిలిన రెట్ట చూపించారు. పుల్లతో కదిపితే నిండా చేప పొలుసులే. మొన్న నేను నడిచిన వంతెన ఇదే. ఇవన్నీ మొన్న కూడా ఇక్కడే ఉన్నాయి.

ఒకచోట ఆయన కూర్చుండిపోయారు. బురదలో గుండ్రటి అడుగు ముద్ర ఒకటి ఉంది.

'ఎంతదాకా చదివావు బాబూ?'

'బీటెక్ అండి.'

'అయితే ఇది ఎప్పటిదో చెప్పు చూద్దాం.'

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. వేలితో చూపిస్తూ చెప్పారు. ముద్ర అంచులు చెరగలేదు. అంటే దీని మీదకి నీరు రాలేదు. రాత్రి పోటు తీసింది తెల్లవారుజామున. కాబట్టి జంతువు వచ్చింది ఆ తర్వాతే. ఇక ముద్ర లోపల చిన్న చిన్న బురద ఉండలు పడి ఉన్నాయి. అవి పీతలు మేసి వదిలినవి. ఈ పీతలు వెలుగు వచ్చాక బయటికొచ్చి మేతకి దిగుతాయి. అంటే అవి దిగేలోపే జంతువు వెళ్లిపోయింది. 'నీరు తీశాక, పొద్దెక్కక ముందు. అదీ సమయం' అన్నారు.

'నీటిపిల్లేనా బాబాయ్?' అని అడిగాను. ఫిషింగ్ క్యాట్‌నే మనవాళ్లు నీటిపిల్లి అంటారు. నీళ్లలోకి దిగి చేపలు పట్టే పిల్లి, ఎక్కువగా రాత్రిళ్లే తిరుగుతుంది. ఆయన కాసేపు ఆలోచించి, 'అనుకుంటున్నాను. ఒక్క అడుగే ఉంది. ఖాయంగా చెప్పలేను' అన్నారు.

ఐదేళ్లు నేను చేసిన పని సర్వర్ లాగ్స్ చూసి, తప్పు ఎప్పుడు ఎక్కడ జరిగిందో కనిపెట్టడం. పైనుంచి ఒక హద్దు, కిందినుంచి ఒక హద్దు పెట్టుకుని సమయాన్ని బిగించుకుంటూ రావడమే అందులో కిటుకు. బురదలో కూర్చుని ఆయన చేసింది సరిగ్గా అదే. తేడా ఒక్కటే. నేను మీటింగుల్లో 'ఖాయంగా చెప్పలేను' అన్న మాట ఎప్పుడూ అనలేదు. అనడానికి భయం.

ఇది ఉద్యోగమెందుకు కాదు?

ఆ రాత్రి ఇంట్లో ఈ కథంతా చెబితే మా పెద్దనాన్న ఒకే మాట అన్నారు: 'బాగుంది. ఇక బీటెక్ చదివినోడు అడవిలో దారి చూపిస్తాడన్నమాట.' అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, ఆ నవ్వే మన సమస్యేమో అనిపించింది.

కోనసీమలో ఉద్యోగం అన్న మాట వినగానే మన కళ్లు బస్టాండ్ వైపు తిరుగుతాయి. హైదరాబాద్, బెంగళూరు, గల్ఫ్. ఇది కొత్త అలవాటేమీ కాదు. ఇప్పుడు పిట్టలు చూడటానికి వెళ్లే ఈ కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుపాను దాన్ని ధ్వంసం చేసింది. ఈ తీరం నుంచి పని వెతుక్కుంటూ బర్మా వెళ్లిన తెలుగువాళ్లని అక్కడ 'కోరంగీలు' అనేవారు. అంటే ఊరు వదిలి పోయిన కూలీలకి ఈ ఊరి పేరే మిగిలింది. పోవడం తప్పని నేను అనను. నేనూ పోయాను, మళ్లీ పోవచ్చు కూడా. కానీ 'ఇక్కడేమీ లేదు' అనే మాట మాత్రం చూడకుండా అంటున్నాం.

పెరియార్ సంగతి చూడండి. అక్కడ గైడ్లుగా పనిచేసినవాళ్లలో కొందరు ఒకప్పుడు అదే అడవిలో దొంగచాటుగా వయన చెట్ల బెరడు కొట్టి అమ్ముకున్నవాళ్లు. మసాలాల్లో వాడే దాల్చినచెక్క జాతి బెరడు అది. అటవీశాఖ వాళ్లతో ఒక ఒప్పందానికి వచ్చి, వాళ్లని ఒక కమిటీగా ఏర్పరచి, పర్యాటకులకి దారి చూపించే పని, అడవిని కాపాడే పని అప్పగించింది. ఏ జంతువు ఎక్కడ తిరుగుతుందో వాళ్లకంటే ఎవరికి తెలుసు? కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేదు. ఉన్న తెలివికి జీతం ఇచ్చారు, అంతే. ఇంటికి దగ్గరగా మన మారేడుమిల్లిలో కూడా స్థానిక గిరిజనుల భాగస్వామ్యంతో ఇలాంటి ఎకో టూరిజం నడుస్తోంది. రంపచోడవరం దాటి కొండ ఎక్కితే మన తెలుగు నేలలో వర్షారణ్యానికి దగ్గరగా ఉండే పచ్చదనం అక్కడే కనబడుతుంది.

మడ అడవిని బాగా తెలిసినవాళ్లు చూపించకపోతే జరిగే నష్టం ఇంకొకటి ఉంది. 20 నిమిషాల్లో వెళ్లిపోయేవాడికి అది ఉత్త బురద. ఉత్త బురద అనుకున్న దాన్ని రేపు చెరువు తవ్వేసినా, చెత్త పోసేసినా ఎవరూ బాధపడరు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను గురించి కోనసీమలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. నేను అప్పటికి పుట్టలేదు. కొబ్బరి చెట్లు వరసలుగా పడిపోయాయని, వెయ్యి మందికి పైగా చనిపోయారని విన్నాను. మడ అడవి అల జోరుని, గాలి జోరుని కొంత తగ్గిస్తుంది. తుపానుని ఆపేస్తుందని కాదు, వెనకున్న పల్లెకి కాస్త ఊపిరి ఇస్తుంది. బాబాయ్ ఆ రాత్రి సంగతి ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు: 'పడవలు చాలా రాలేదు బాబూ.' ఆయన పల్లెకి ఈ చెట్లు పిక్నిక్ స్పాట్ కాదు. ఇది నాకు ఏ బోర్డూ చెప్పలేదు. పక్కన నడిచిన మనిషి చెప్పారు.

డబ్బుల సంగతి

ఇక్కడ నిజం చెప్పాలి. గైడ్ పనిలో డబ్బు తక్కువ. సీజన్ ఉన్నప్పుడే ఉంటుంది. వానాకాలం, ఎండాకాలం మనుషులు రారు. పీఎఫ్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. ఇంటి మీద అప్పు, చెల్లి పెళ్లి ఉన్నవాడికి 'అడవికి పోయి గైడ్ అవు' అని నేను చెప్పను. చెబితే నా అంత మోసగాడు ఉండడు.

కానీ ఆ పనికి డబ్బు తక్కువ ఎందుకు ఉంది? మనమే ఇవ్వట్లేదు కాబట్టి. ఆ వారమే నా రెజ్యూమె దిద్దించుకోవడానికి ఆన్‌లైన్‌లో ఎవరికో 1,500 రూపాయలు కట్టాను. మూడు గంటలు పక్కన నడిచి ఇదంతా నేర్పిన మనిషికి 300 ఇద్దామనుకున్నాను. 'పెద్దాయన కదా, ఏదో ఇస్తే తీసుకుంటాడు' అని. జేబులో చెయ్యి పెట్టినప్పుడు సిగ్గేసింది. 1,000 ఇచ్చాను. ఎక్కువనిపించలేదు. వచ్చినవాళ్లందరూ గైడ్‌ని అడిగి, సరైన డబ్బిస్తే అది ఉద్యోగమవుతుంది. 'నాకెందుకు గైడ్, గూగుల్ ఉంది' అనుకుంటే అది ముసలాయన కాలక్షేపంగానే మిగిలిపోతుంది.

ఇంకోటి. ఈ పని అక్కడి పల్లెల వాళ్లదే కావాలి. డిగ్రీ ఉందని మనం వెళ్లి వాళ్ల చోట్లో నిలబడటం న్యాయం కాదు. పైగా మన వల్ల కాదు. తిల్ల పాలు ఏమిటో తెలియడానికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

మరి ఇంజినీర్‌కి అక్కడేం పని?

ఉంది. దీనికి మంచి ఉదాహరణ కూడా ఉంది. నరికివేతతో మడ పలచబడిన చోట నేల పళ్లెంలా గుంటపడుతుంది. పోటు నీరు లోపలికొచ్చి బయటికి పోలేక నిలిచిపోతుంది. ఎండకి ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. ఇక అక్కడ మొక్క బతకదు. ఎన్ని మొక్కలు నాటినా చస్తాయి. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు అటవీశాఖలతో, పల్లె జనంతో కలిసి తమిళనాడులో, మన తీరంలో దీనికి ఒక దారి చూపారు. ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటుతో నీరు వచ్చి, పాటుతో తిరిగిపోతుంది. ఉప్పు కడుక్కుపోతుంది. కాలువల అంచున నాటిన మడ మొక్క బతుకుతుంది. ఇందులో ఉన్నది వాలు, మట్టం, నీటి ప్రవాహం. సివిల్ వాళ్లు రెండో ఏడాదిలో చదివేదే. కాకపోతే నీరు ఎక్కడ నిలుస్తుందో ముందు ఎవరో అక్కడ నడిచి చూడాలి.

నా సంగతి చెప్పనా? అడవి నుంచి వచ్చిన రోజు రాత్రే 'దీనికో యాప్ చేసేద్దాం' అనుకున్నాను. ప్రతి ఇంజినీర్‌కీ వచ్చే జబ్బే. డొమైన్ పేర్లు కూడా వెతికేశాను. మర్నాడు బాబాయ్‌కి ఫోన్ చేసి, 'మీకు ఏముంటే పని తేలికవుతుంది?' అని అడిగాను. 'వచ్చేవాళ్లు పోటు మీద వచ్చేస్తున్నారు బాబూ. నీళ్లుంటే ఏం కనబడుతుంది? ఏ రోజు ఎన్నింటికి నీరు తీస్తుందో వాళ్లకి ముందే తెలిస్తే చాలు' అన్నారు.

అంతే కావాలట! పోటు రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ పోతుంది. కాకినాడకి పోటు పట్టికలు దొరుకుతాయి. వాటిని బట్టి నెల మొత్తానికి ఒక పేజీ తయారుచేశాను. ఏ తేదీన ఏ సమయంలో నడిస్తే మంచిదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. ఆయన చూసి మూడు చోట్ల దిద్దారు. లోపల పాయల్లోకి నీరు కాస్త ఆలస్యంగా చేరుతుంది, కాస్త ఆలస్యంగా తీస్తుంది. పట్టికలో లేని ఆ ఆలస్యం ఆయనకి తెలుసు. వెనకవైపు పది చెట్ల పేర్లు, ఫొటోలు పెట్టి లామినేషన్ చేయించి ఇచ్చాను. ఇప్పుడు ఆయన వాట్సాప్‌లో ఆ పేజీ ముందే పంపిస్తారు. నేను చేసిన సాఫ్ట్‌వేర్లలో వాడేవాడు నాకు ఎదురుగా కనబడింది ఇదొక్కటే. సాఫ్ట్‌వేర్ అనడానికి కూడా లేదు, ఒక కాగితం.

వెళ్లేవాళ్లకి, దరఖాస్తు చేసేవాళ్లకి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం బాగుంటుంది, వలస పక్షులు కూడా ఉంటాయి. నీరు తీసే సమయానికి చేరండి. టికెట్ కౌంటర్ దగ్గరే గైడ్ గురించి, ఎక్కడిదాకా వెళ్లనిస్తారో దాని గురించి అడగండి. అనుమతి లేని చోటికి ఎవరు తీసుకెళ్తామన్నా వెళ్లొద్దు. ముదురు రంగు బట్టలు, జారని చెప్పులు, నీళ్ల సీసా చాలు. నలుగురి కంటే ఎక్కువమంది ఒకేసారి వద్దు. ఫోన్ సైలెంట్‌లో కాదు, జేబులో పెట్టండి. డబ్బు ముందే మాట్లాడుకోండి, బేరం ఆడకండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ రాత్రే ఒక పేజీ రాయండి: ఏం చూశాను, ఎలా తెలిసింది, ఏది ఖాయంగా తెలీదు. ఈ మూడో ముక్క రాయడం అలవాటైతే ఇంటర్వ్యూలో తెలియని ప్రశ్నకి చెమటలు పట్టవు. ఇది నా అనుభవం.

నచ్చినవాళ్లకి ముందుకు వెళ్లే దారులు ఉన్నాయి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కి ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లు అర్హులే. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది. ఇక్కడ నడక కూడా పరీక్షే! 4 గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 14 కిలోమీటర్లు నడవాలి. రాష్ట్రంలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్, బీట్ ఆఫీసర్ పోస్టులకి ఏపీపీఎస్సీ నోటిఫికేషన్లు ఇస్తుంది. వాటికీ నడక పరీక్ష ఉంది. చదువు వైపు అయితే డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణుల మీద ఎమ్మెస్సీ చేయవచ్చు. అర్హతలు నోటిఫికేషన్‌లో సరిగ్గా చూసుకోండి. కేంద్ర పర్యావరణ శాఖ 2017లో మొదలుపెట్టిన గ్రీన్ స్కిల్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్ పక్షుల గుర్తింపు లాంటి వాటిలో చిన్న కోర్సులు తెచ్చింది. జీఐఎస్, రిమోట్ సెన్సింగ్ నేర్చుకున్నవాళ్లకి తీరం మ్యాపింగ్‌లో పని ఉంటుంది.

ఇవేవీ వద్దనుకున్నా ఖర్చు లేనివి ఉన్నాయి. ఈబర్డ్‌లో, ఐనేచురలిస్ట్‌లో చూసినవి నమోదు చేయండి. ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది, వాలంటీర్లు కావాలి. రాజోలు, కొత్తపేట వైపు వాళ్లకి కోరంగి దూరమనిపిస్తే ఇంటి పక్క కాలువ గట్టు, గోదావరి లంక చాలు. అక్కడ కూడా వల వేసే మనిషో, పశువులు కాసే మనిషో ఉంటారు. వాళ్ల వెనక ఒక పూట నడిచి, డబ్బిచ్చి నేర్చుకోండి. అదీ గైడెడ్ వాకే.

నాకు మళ్లీ పని దొరికింది. కాంట్రాక్ట్ మీద, ఇంటి నుంచే. జీతం మునుపటికంటే తక్కువ. అడవి వల్ల ఉద్యోగం వచ్చిందని చెప్పను, రాలేదు కూడా. నెలకోసారి కోరంగి వెళ్తాను. నీటిపిల్లిని ఇప్పటికీ చూడలేదు. కిందటిసారి అడుగు ముద్ర ఒకటి నేనే ముందు చూశాను. బాబాయ్‌ని పిలిచి, 'నీరు తీశాక, పొద్దెక్కక ముందు వచ్చింది' అన్నాను. ఆయన వంగి చూసి, 'కుక్క బాబూ' అన్నారు.

మా పెద్దనాన్న నవ్వు మాత్రం ఆగలేదు. వచ్చే పాటుకి ఆయన్ని కూడా బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లాలని ఉంది. మీరూ ఈ ఆదివారం నీరు ఎన్నింటికి తీస్తుందో చూసుకుని బయల్దేరండి. గైడ్‌ని అడగడం మర్చిపోకండి.